భుజం దగ్గర కుట్టు

అక్కా,

నువ్వు పంపిన బావ చొక్కా అందింది. సెలైన్ సూది ఉన్న చేతికి తొడగడం కష్టంగా ఉందన్నావు కదా, అందుకని చొక్కా కుడిచేతిని మణికట్టు నుంచి భుజం దాకా కోశాను. నేను కుట్టిన చొక్కాకి నేనే కత్తెర వేయాల్సి వచ్చింది. పొట్టి చేతులవి వేసుకుంటే బడిపిల్లాడిలా ఉంటానన్న బావ మొండితనం ఆస్పత్రిలో కూడా పోలేదన్నమాట.

కోసిన అంచులకి మెత్తటి పట్టీ వేశాను, చర్మానికి ఒరుసుకోదు. నీకు సులువుగా ఉంటుందని నొక్కితే పడే టిచ్ బటన్లు పెట్టాను.

డాక్టరు ఏమన్నాడో నువ్వు రాయలేదు. "పైన భుజం దగ్గర గట్టి కుట్టు అక్కర్లేదులే, ఎన్నాళ్లు వేసుకుంటారు గనక" అని మాత్రం రాశావు. అది చదివాక కాసేపు మిషను తొక్కలేకపోయాను.

ఆ కుట్టు లేకపోతే తొడిగినప్పుడల్లా చీలిక పైకి పాకుతుంది. అందుకే నీ మాట వినలేదు. లోపల గుడ్డముక్క వేసి, చేత్తో మూడు వరసలు కుట్టాను. కోప్పడకు. ఎన్నిసార్లు ఉతికినా అది ఊడదు.

బావకి ఇలాంటి పొడుగు చేతుల చొక్కాలు ఇదివరకు ఇంకో మూడు కుట్టాను కదా, ఒక్కటే పంపావేం? మిగతావి కూడా పంపు.

నీ తమ్ముడు