రంపపు పొట్టులో మేత

మార్చి 4
మొదటి విడత ఎలుకల్ని కోశాం. కొవ్వు మేతలో అలర్జీ మాత్ర పొడి కలిపి పెట్టినవాటి లివర్లు ఎర్రగా, చక్కగా ఉన్నాయి. ఉత్త కొవ్వు మేత తిన్నవాటివి పాలిపోయి వెన్నముద్దల్లా ఉన్నాయి. మూడేళ్ళలో మొదటిసారి మా గైడ్ సార్ నా పేరు తప్పులేకుండా పలికారు. ఇంట్లో చెప్పకుండా ఉండలేకపోయాను. నాన్నకూ ఫ్యాటీ లివరే, గ్రేడ్ టూ. ఆయన టీవీ మ్యూట్ చేసి మరీ విన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది.

మార్చి 11
శుక్రవారానికి పేపర్ డ్రాఫ్ట్ కావాలన్నారు సార్. ఆయన శుక్రవారం ఎప్పుడూ బుధవారమే వస్తుంది.

మార్చి 13, ఉదయం 10
పంజరాలు శుభ్రం చేసే అక్క విసుక్కుంది. మందు ఎలుకల పంజరాలు దులపలేక చేతులు పడిపోతున్నాయట. కింద పరిచిన రంపపు పొట్టు నిండా మేత పొడేనట.
"నీ మందు చేదేమోనమ్మా, కొరికి ఉమ్మేస్తున్నాయి."
చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. చేదు విషం. నేను ఇన్నాళ్ళూ తూచింది గిన్నెలో తగ్గిన మేతని. అవి తిన్నదాన్ని కాదు. మూడు నెలల్లో ఒక్కసారైనా కింద చూడలేదు.

సాయంత్రం 4
పొట్టు జల్లెడ పట్టాను. మేతలో మూడో వంతు అందులోనే ఉంది. లివర్లు బాగుపడింది మందుతోనా, పస్తుతోనా? సార్ విని కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈ సంగతి డ్రాఫ్ట్‌లో అక్కర్లేదట, రివ్యూయర్లు అడిగితే చూద్దామట. మందు లేకుండా అంతే తక్కువ మేత పెట్టి చూద్దాం సార్ అన్నాను. ఇంకో పన్నెండు వారాలా అని తలుపు వైపు చూశారు. నేను వెళ్ళాలని.

మార్చి 14
అమ్మ ల్యాబ్‌కి ఫోన్ చేసింది. నాన్న కుట్టుమిషన్ మీదే కునికిపాట్లు పడుతున్నాడట. ఇవాళ సూది గోట్లోంచి దిగిందట. చొక్కా జేబులో మాత్రల అట్ట దొరికిందట. నేను ఎలుకలకి పెట్టిన అలర్జీ మాత్రలే, నిద్రమత్తు తెచ్చేవి. పది రోజులుగా రోజుకు రెండు.
ఇంటికెళ్ళి కడిగేద్దామనుకున్నాను. కట్టు కట్టిన వేలు దాచుకుంటూ, "నువ్వు కనిపెట్టిందే కదమ్మా" అన్నాడు.
అట్ట తీసుకుని నా గదిలోకి వచ్చేశాను.

మార్చి 15
సార్‌కి డ్రాఫ్ట్ పంపాను. పొట్టులో మేత సంగతి మొదటి పేరాలోనే పెట్టాను.

మార్చి 17
పేపర్ ఆపేశారు. నా థీసిస్ కనీసం ఏడాది వెనక్కి. కావలసిన ప్రయోగం చేసుకోమన్నారు. నన్ను "అమ్మాయీ" అని పిలిచారు.

జూన్ 14
మందు లేకుండా, తక్కువ మేత తిన్న ఎలుకల్ని కోశాను. లివర్లు ఎర్రగా, చక్కగా ఉన్నాయి. బల్ల గుద్దాలనిపించింది, సంతోషంతో కాదు.
నాన్నకి చెప్పాను.
"తక్కువ తినమని చెప్పడానికా ఇన్నేళ్ళు చదివావు?"

జూన్ 15
నాన్న పళ్ళెంలో సగం ఖాళీ చేసి, చాలని లేచాడు. ఆయన చెయ్యి కడుక్కునేలోగా బల్ల కింద చూశాను.