మన మరియమ్మ పాట

విన్నీ,

ఈ ఉదయం బేకరీలో బ్రెడ్డు కోస్తున్న ఆవిడ మన మరియమ్మ పాటను ఈల వేస్తోంది. మన కాన్వెంట్ స్కూలు ప్రార్థన ఇక్కడ జర్మనీలో, ఈ ఎర్లాంగెన్‌లో ఈమెకెలా తెలుసని అడిగాను. అది ఒక పాత ఫ్రెంచ్ ఒపేరాలోదట, న్యూరెంబర్గ్‌లో ఇప్పుడు ఆడుతోందట. మధ్యాహ్నం ఆటకు నా రూమ్మేట్ శ్రావణితో వెళ్లాను.

ఒపేరా అంటే కథంతా పాటల్లోనే నడిచే నాటకం. ఉప్పు మడుల్లో పనిచేసే పిల్ల ఒక నావికుడిని ప్రేమిస్తుంది. నావికులు తాగి పాడే గోల పాటకు నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. చివర ఆమె ఒడ్డున ఒంటరిగా పాడేది నీ గొంతుకు సరిపోయేది. జనం ఎదురుచూసేది మాత్రం రెండో అంకంలో ఆ ఇద్దరూ కలిసి పాడే పాట కోసం. అది మన పాటే. ఇద్దరూ చేతులు పట్టుకుని, మొహంలో మొహం పెట్టి పాడారు. నేను అలవాటుగా చేతులు జోడించాను.

"ఏందే, లవ్ సాంగ్‌కి దండం పెడుతున్నవ్?" అని శ్రావణి కిసుక్కుమంది.

మన మ్యూజిక్ సిస్టర్ ఆ వరసకు తెలుగు మాటలు కట్టి నేర్పింది. పై గొంతు నీది, కింది గొంతు నాది. "ప్రార్థనను ప్రేమపాటలా పాడతావా, సిగ్గులేదూ?" అని అందరి ముందూ నిన్ను క్వయర్‌లోంచి తీసేసింది. నువ్వు మళ్లీ ఎక్కడా పాడలేదు. ఆవిడకు ఫ్రెంచ్ వచ్చు, విన్నీ. అది ఏం పాటో ఆవిడకు మొదటి నుంచీ తెలుసు.

నీ సమాధి దగ్గర కూడా ఆవిడ ఆ పాటే పాడించింది. పై గొంతు నేను పాడాను.