మిగిలిన నిమ్మకాయ

అమ్మా,

నువ్వు పోయిన ఏడాదికి మనింటికి కారొచ్చింది. డీజిల్ వాసన పడక బస్సులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చునేదానివి. నా కూతురు చిన్నికీ నీలాగే బండెక్కితే కడుపులో తిప్పుతుంది.

నేను కరెంటు కారు కొందామంటే, "ఛార్జింగ్ అయిపోతే నడిరోడ్డు మీద ఏం చేస్తం? పెట్రోల్‌తో గూడ నడిచే హైబ్రిడ్ తీస్కుందం," అన్నాడు నీ అల్లుడు. రెండు బండ్లలోనూ అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పోయి చూశాం. హైబ్రిడ్‌లో చిన్ని మొహం వాడిపోయింది. కరెంటు బండిలో హాయిగా నిద్రపోయింది. అద్దంలో దాన్ని చూసి నీ అల్లుడు, "ఇదే తీస్కుందం తియ్," అన్నాడు.

ఈరోజు కర్మన్‌ఘాట్ గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. చిన్ని కోసం నా సంచిలో వేసుకున్న ఐదో కాయ అట్లాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి దాంతో పులిహోర కలిపాను.