నత్తగుల్ల

ప్రియమైన డ్రైవరు గారికి,

ఫ్రిజ్ మీద మీరు అంటించిపోయిన చీటీ చూశాను. 'నత్త నడవకుండా వదిలేసిన దారి నడిచి వస్తాను' అని ఒక్క ముక్క. బస్సు కదిలించే ముందు అద్దంలో వెనక్కి చూసుకునే మనిషి, ఇల్లు కదిలేటప్పుడు మాత్రం చూసుకోలేదు.

ఇది కొండ కింద ఊరి పోస్టాఫీసుకు రాస్తున్నాను. మన నత్త పిల్ల కూడా కొండలెక్కడానికి వెళ్లినప్పుడు ఉత్తరాలు అక్కడే తీసుకునేది. ఫోను చేద్దామంటే మీ ఫోను బీరువా మీదే ఉంది.

అటక మీద నత్త 'గుల్ల' కూడా లేదు. నేను కుట్టిన ఆ వాటర్‌ప్రూఫ్ బివ్వీ సంచి తీసుకుపోయారంటే టెంటు లేకుండా ఆరుబయట పడుకోవడానికి సిద్ధపడ్డారన్నమాట. సరే, ఇష్టమున్నా లేకున్నా వినండి. ముందు స్లీపింగ్ బ్యాగును గుల్లలోకి దూర్చి, తర్వాత మీరు దూరండి. పడుకునే చోటు చదునుగా, కాస్త ఎత్తుగా ఉండాలి. వాగు పక్కన పల్లంలో వద్దు. వాన పడినా సరే మూతి పూర్తిగా బిగించుకోకండి, మన ఊపిరే లోపల చెమ్మగా మారి తడిపేస్తుంది. మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు నత్త 'అమ్మా, నీ కుట్టు కారుతోంది' అని వర్క్‌షాపులో అందరి ముందూ ఈ కుట్టు మేస్త్రీ పరువు తీసింది. నీళ్ల టబ్బులో ముంచి చూపించాను, చుక్క దిగలేదు. చలేసి మూతి మూసుకుని పడుకుందట మహాతల్లి. పొద్దున్నే తిరగేసి ఎండలో ఆరేయాలి, అది మర్చిపోకండి.

ఇంకో మాట. అది మీ కొలత కాదు. పిల్లదీ నాదీ ఒకే ఎత్తు కదా, నేనే నేల మీద పడుకుని చుట్టూ సుద్దతో గీయించుకుని కుట్టాను. మీరు కాళ్లు చాపితే కింది కుట్టు లాగేస్తుంది. కాస్త ముడుచుకోండి.

వానలు రాబోతున్నాయిగా, వర్క్‌షాపు నిండా రెయిన్‌కోట్ల గుట్టలు. రోజంతా కుట్ల మీద టేపు అంటించే మిషను దగ్గర నిలబడి మడమలు మళ్లీ పగిలాయి. మందు రాసుకుంటున్నాను. 'అవి కాళ్లా, ఎండిపోయిన చెరువా' అని వెక్కిరించడానికి మీరు లేరు.

నా మీద కోపమని తెలుసు. కోపంగానే రాయండి, కానీ రాయండి.

మీ మేస్త్రీ

* * *

ఇంటికి,

'ప్రియమైన' అని రాయబోయి ఆగాను. ఏమనుకోకు.

క్షేమమే. గుల్లలోకి దూరడానికి నేను పడ్డ తిప్పలు చూసుంటే నత్త పొర్లి పొర్లి నవ్వేది. దిండుకు గలీబు తొడిగినట్టు నాకు నేనే తొడుక్కున్నాను. అలవాటయ్యాక బాగానే ఉంది. ముఖం మీద చినుకులు పడుతుంటే ఒళ్లంతా పొడిగా ఉండటం నాకు వింతగా ఉంది. కప్పు లేదు, గోడ లేదు, మబ్బు తొలగితే ఎదురుగా ఆకాశమే. పిల్ల ప్రతి సెలవుకీ ఇటు ఎందుకు పరిగెత్తేదో ఇప్పుడు తెలుస్తోంది. అది ఉన్నప్పుడు ఒక్కసారైనా వెంట రావలసింది.

ఒక పొద్దున కళ్లు తెరిస్తే గొర్రె ఒకటి నా ముఖం వాసన చూస్తోంది. దాని వెనకే కాపరి. "శవం అనుకున్నాను పెద్దాయనా" అన్నాడు. నిరుడు ఒక అమ్మాయి కూడా ఇలాంటి సంచిలోనే పడుకునేదట, బారెడు పొద్దెక్కినా లేచేది కాదట. ఇంకెవరు, మన నత్తే. "ఈ ఏడు రాలేదేం?" అనడిగాడు. ఉద్యోగంలో పడి తీరిక లేదని చెప్పాను.

ఇప్పుడు నా కోపం రాస్తాను. పిల్ల జ్వరంతో ఇంటికొచ్చి వారం తిరక్కుండా ఆసుపత్రిలో పోయింది. ఆ తర్వాత నేను మొదటిరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి వెనక వరండాలో తీగ నిండా దాని బట్టలు ఆరుతున్నాయి. చొక్కాలు, తువ్వాలు, గలీబు, స్లీపింగ్ బ్యాగు, అన్నీ. ముఖానికి ఆనించుకోవడానికి ఒక్క గుడ్డ కూడా మిగల్చలేదు నువ్వు. సబ్బు వాసన తప్ప నా కూతురిది ఏదీ లేని ఇంట్లో నేను ఉండలేకపోయాను.

ఈ గుల్ల ఒక్కటీ నీ కంట పడలేదు. మూతి దగ్గర మడతలో, తల ఆనే చోట, వాసన మిగిలి ఉంది. ఇదీ అని చెప్పలేను, మనింటి మనిషి వాసన. అందులో ముఖం పెట్టుకుంటే నిద్ర పడుతోంది, ఇన్ని నెలల తర్వాత. అందుకే దీన్ని ఎండలో ఆరేయను. నువ్వు చెప్పినా ఆరేయను.

ఉంటాను.

* * *

ప్రియమైన డ్రైవరు గారికి,

మీ ఉత్తరం డాబా మీదికి తీసుకెళ్లి చదువుకున్నాను. నిద్ర పడుతోందని రాశారు, అది చాలు నాకు. బట్టలు ఉతికిన సంగతి ఇప్పుడు రాయను.

ఎండలో వద్దంటే పోనీ, నీడలో గాలికైనా ఆరేయండి. నీడలో వాసన పోదు. తడిగా చుట్టిపెడితే మాత్రం బూజు పడుతుంది, ఆ కంపు మీరు భరించలేరు.

మీ మీసాల కండక్టరు వచ్చి వెళ్లాడు. మీ బస్సు ఎవరో కొత్తాయనకిచ్చారట, గేరు మార్చినప్పుడల్లా అది ఏడుస్తోందట. "అన్నయ్య వస్తే గానీ దాని ఏడుపు ఆగదు వదినా" అన్నాడు. బస్సు గురించే అన్నాడో, నన్ను చూసి అన్నాడో మరి.

కాపరికి నిజం చెప్పకపోవడమే మంచిదైంది. ఒక్కచోటైనా మన పిల్లని ఉద్యోగంలో ఉండనివ్వండి.

మీ మేస్త్రీ

* * *

మేస్త్రీకి,

వానలు దిగాయి. నాకు పాదాలు తడుస్తున్నాయి. నత్తలాగా నీ పరువు తీయనులే, కుట్టు గట్టిగానే ఉంది. లోపల కుట్టు మీద నువ్వు వేసిన టేపు ఉంది చూడు, అది సరిగ్గా మడమలు ఆనే చోట ఉల్లిపొరలా లేచిపోయింది. నీళ్లు అక్కడినుంచే వస్తున్నాయి. నేను కాళ్లు చాపడం వల్లే అయ్యుంటుంది.

దగ్గు పట్టుకుని కింద ఊరికి దిగాను. పోస్టుమాస్టరు వాళ్లావిడ కషాయం ఇస్తోంది. ఇక మిగిలింది పైగట్టు ఒక్కటే, నత్త తను పడుకోవాలనుకున్న చోట్లకు మ్యాపులో పెట్టుకున్న ఎర్ర చుక్కల్లో ఆఖరిది. అక్కడ చెట్టూ పుట్టా ఏమీ లేదట, గాలి కోసేస్తుందట. తడి పాదాలతో తెల్లవార్లూ ఉంటే మనిషి దిగిరాడని ఇక్కడివాళ్లు భయపెడుతున్నారు.

టేపూ జిగురూ పంపు. నేనే అంటించుకుంటాను.

డ్రైవరు

* * *

ప్రియమైన డ్రైవరు గారికి,

టేపు లేచిపోయింది ఎక్కడో చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మీ దగ్గు సంగతి చదివాక లేచాను.

అడిగినవి పంపుతున్నాను, చిన్న సీసాలో స్పిరిటు కూడా. కానీ ముందే చెబుతున్నాను, జిడ్డు పట్టిన గుడ్డ మీద టేపు నిలవదు. సబ్బు నీళ్లతో బాగా ఉతికి, పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిటుతో తుడిచి, అప్పుడు జిగురు రాసి అంటించాలి. ఉతక్కుండా అంటిస్తే ఒక్క రాత్రి కూడా ఆగదు. ఇది నా మాట కాదు, ఇన్నేళ్ల నా చేతి పని.

మీరేమంటారో తెలుసు. అందుకే భోజనాల వేళ మిషను ఖాళీగా ఉన్నప్పుడు మీ కొలతకు ఇంకొకటి కుట్టి ఇదే పార్సిలులో పెట్టాను. కొలతకు మీ పాత యూనిఫాం ప్యాంటు దగ్గర పెట్టుకున్నాను. పక్కావిడ చూసి, "ఆయన లేకపోయినా ఆయన ప్యాంటుతో కబుర్లా?" అని నవ్వింది. దాంట్లో పడుకోండి. గుల్లను మడిచి తల కింద పెట్టుకోండి, ఎవరూ కాదనరు. పాతదాంతో మాత్రం పైగట్టు ఎక్కకండి. ఇంట్లోంచి ఒక మనిషి పోయింది. ఇంకొకరు పోతే నేను తట్టుకోలేను.

మీ మేస్త్రీ

* * *

మేస్త్రీకి,

పార్సిలు అందింది. కొత్తది విప్పలేదు. గుల్లలో పడుకున్నది నా కూతురు, కొత్తదాంట్లో పడుకున్నది ఎవరు?

నీకు ఉతకడం తప్ప వేరే మాట రాదా? ఇది ఉతికితే నాకు పిల్ల ఇంకోసారి పోయినట్టే. టేపు ఉతక్కుండానే అంటించాను. ఊడితే ఊడనీ, తడిస్తే తడవనీ. వాన తెరిపి ఇవ్వగానే పైకి పోతాను. ఆ ఆఖరి చుక్క దగ్గర నత్త పడుకోవలసింది, నేను దాని గుల్లలోనే పడుకుంటాను. దిగిరావడం గురించి ఆలోచించట్లేదు.

పిల్ల పోయాక ఎండాకాలమంతా నువ్వు డాబా మీదే పడుకున్నావు. నా పక్కన ఉండలేక వెళ్లావని నాకు తెలుసు. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడు నువ్వూ నన్ను అడగకు.

డ్రైవరు

* * *

ప్రియమైన మీకు,

పోస్టులో అయితే ఆలస్యమవుతుందని, ఆ ఊరి బస్సులో డ్యూటీ వేయించుకున్న మీసాల కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఇది చదవండి, తర్వాత మీ ఇష్టం.

గుల్ల నా కంట పడింది. అన్నిటికంటే ముందు పడింది అదే. ఎప్పుడూ ఆరేసి గానీ లోపలికి తేని పిల్ల, జ్వరంతో వచ్చిన ఆ రోజు తడి గుల్లను అలాగే చుట్టి తలుపు వెనక పడేసింది. మనం ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చాక విప్పితే లోపలంతా నల్లగా బూజు. నత్త వాసన కోసమే విప్పాను నేను కూడా. కంపు తప్ప ఏమీ లేదు. మిగతా బట్టలు చూస్తే మందుల వాసన, వాంతుల వాసన. మీరు వాటిని ముఖానికి ఆనించుకుంటే ఇక జన్మంతా మన పిల్ల అంటే మీకు అదే గుర్తుంటుందని భయమేసింది. అందుకని అన్నీ ఉతికేశాను. గుల్లను రెండుసార్లు ఉతికాను.

ఆరాక దాన్ని ఏం చేయాలో తెలియలేదు. డాబా మీదికి తీసుకెళ్లి అందులో దూరాను. పిల్లకి ఆకాశం ఎలా కనపడేదో చూద్దామని ఒక్క రాత్రికే వెళ్లాను. అక్కడ ఏడిస్తే మీకు వినపడదని తెలిశాక ఎండాకాలమంతా అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే గుల్లను చుట్టి అటక మీద పెట్టేసేదాన్ని, అందుకే మీరు చూడలేదు. మీ పక్కన ఉండలేక కాదండీ.

మూతి దగ్గర వాసన నా తలనూనెది. నత్త స్కూలు దాటాక తలకు నూనె చుక్క అంటనివ్వలేదు, గిన్నె పట్టుకుని ఇల్లంతా దాని వెంటపడేదాన్ని, గుర్తుందా? టేపు లేచింది కూడా మీ కాళ్ల వల్ల కాదు. నా మడమల మందు జిడ్డు అది. పిల్ల సాక్సులు వేసుకుని స్లీపింగ్ బ్యాగులో పడుకునేది, దాని పాదం ఆ గుడ్డకు తగలనే లేదు. నేను ఉత్త కాళ్లతో పడుకున్నాను.

ఇన్నేళ్లూ పక్కనే ఉండటం వల్ల నా వాసన మీకు తెలియలేదు. దూరం వెళ్లాక తెలిసింది, కానీ అది నేనని తెలియలేదు. మీ మొదటి ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. పోనీలే, ఎవరిదైతేనేం, నిద్ర పడుతోందిగా అని ఊరుకున్నాను. తడి కాళ్లతో చావడానికి పోతానని మొండికెయ్యకపోతే ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు.

మన పిల్ల వాసన ఎక్కడా లేదండీ. నేనూ వెతికాను. దాని బూట్లలో వెతికాను, దువ్వెనలో వెతికాను.

గుల్ల ఉతకండి. ఉతికితే పోయేది నేనే, పిల్ల కాదు.

మీ మేస్త్రీ

* * *

ప్రియమైన మేస్త్రీ గారికి,

నీ ఉత్తరం పోస్టాఫీసు అరుగు మీద చదివాను. కండక్టరు పక్కన నిలబడ్డాడు. బస్సులోవాళ్లు కేకలేస్తున్నా కదలకుండా నేను ముగించేదాకా ఉండి, భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు.

ముందు నీ మీద మండిపడ్డాను. నాకు మిగిలిన ఒక్కటీ లాగేసుకున్నావనిపించింది. తర్వాత గుల్ల విప్పి మళ్లీ ముఖం పెట్టాను. నువ్వే. ఇన్నాళ్లూ ఎలా పోల్చుకోలేకపోయానో తెలియదు. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు నేను. పోస్టుమాస్టరు వాళ్లావిడ భయపడి మళ్లీ కషాయం కాచింది. పిల్ల కోసం ఏడ్చాను. డాబా మీద ఒక్కదానివీ పడుకున్నందుకు నీ కోసం ఏడ్చాను. నువ్వు పైన ఏడుస్తుంటే కింద నేను పైకప్పు చూస్తూ, నేనంటే నీకు గిట్టడం లేదని లెక్కలు వేసుకుంటూ పడుకున్నాను. పది మెట్లెక్కి వచ్చి ఉంటే సరిపోయేది.

కొత్త సంచి విప్పాను. కాళ్లు బారచాపినా ఇంకా జానెడు మిగిలింది. పాతది నీ కొలతే కదా. ఈ ఉత్తరం తర్వాతి ట్రిప్పులో కండక్టరే తెస్తాడు, తిరుగు బస్సులో నువ్వూ వచ్చేయి. వర్క్‌షాపులో అడిగి సెలవు పెట్టు. సాక్సులు తెచ్చుకో, మడమల మందు కూడా తెచ్చుకో. నా దగ్గు తగ్గింది, వానా తగ్గింది. పైగట్టు ఇంకా ఎక్కలేదు. ఇద్దరం మెల్లగా ఎక్కి, పిల్ల చేరని చోట పక్కపక్కనే పడుకుందాం. దారిలో కాపరి కనపడితే నువ్వు వాళ్లమ్మవని చెబుతాను. ఆ పైన ఏం చెప్పాలో నువ్వే చూసుకో, నాకు నోరు రాదు.

టేపు నువ్వు చెప్పినట్టే మళ్లీ అంటించాను. సబ్బు నీళ్లు, ఎండ, స్పిరిటు, జిగురు. గట్టిగా పట్టుకుంది. పాదాల వైపు మాత్రమే ఉతికాను. తల వైపు ఉతకలేదు.

నీ డ్రైవరు