ఇంజను గది తలుపు

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ పిల్లలూ, నీ మరదలూ కులాసా. నా సంగతి తర్వాత చెబుతాను. చిన్నదాని పన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది, ‘స’ అనమంటే ఈల వేస్తోంది. నీ మోకాలి నొప్పికి మందు పంపాను, చేరిందా? డాక్టరు మెట్లెక్కవద్దన్నా నువ్వు మేడమీద బట్టలారేయడం మానవని నాకు తెలుసు.

ఇక నువ్వడిగిన రెండో మాట. “మీ బావ ఇంట్లో నోరు విప్పడం లేదు. ఇన్నేళ్లు ఇంజను చూసిన మనిషి తలుపు వేయడం మర్చిపోతాడా?” అని రాశావు. పదేపదే చదివాను.

నేను కెప్టెన్‌గా, బావ ఇంజను మనిషిగా ఉన్న ఆ లాంచీలో ఇంజను గదికీ సరుకు గదికీ మధ్య ఇనప తలుపుంటుంది. ఒక గదిలోకి నీళ్లొస్తే రెండోదాంట్లోకి పోకుండా అది మూసి ఉండాలి. లాంచీ మునిగిన రోజు రాయి తగిలి సరుకు గదికి చిల్లు పడింది. తలుపు తెరిచి ఉండటంతో నీళ్లు ఇంజనును ముంచేశాయి. ఒడ్డు దగ్గర కాబట్టి ప్రాణాలతో బయటపడ్డాం.

విచారణకు వచ్చిన ఆఫీసరమ్మ నెమ్మదిగానే అడిగింది. “ఎవర్నో శిక్షించడానికి రాలేదండీ. ఇంకో లాంచీ మునగకూడదని అడుగుతున్నాం. ఆ తలుపు ఎందుకు తెరిచి ఉంది?”

“మూసే ఉంచమంటాను. ఆయన మర్చిపోయుంటాడు” అన్నాను.

పక్కనే కూర్చున్న బావ నావైపు ఒక్కసారి చూశాడు. “అవునమ్మా, మర్చిపోయాను” అన్నాడు.

అబద్ధం అక్కా. తెరిచి కట్టేయమన్నది నేనే. మూస్తే ఇంజను గది పొయ్యిలా కాలుతుంది, ఇంజను వేడెక్కి వేగం తగ్గించాల్సి వస్తుంది. బావ మూసినప్పుడల్లా “నీ చాదస్తం ఆపు బావా” అని కసురుకుని తెరిపించేవాణ్ని. తనిఖీ ఉన్న రోజు మాత్రం మూయించేవాణ్ని. కెప్టెన్ కుర్చీ పోతుందన్న భయంతో సిగ్గు లేకుండా ఆ మాట అనేశాను. ఆ రిపోర్టు చూసి కంపెనీ బావను ఉద్యోగంలోంచి తీసేసింది. నేను వేరే లాంచీ ఎక్కాను.

నిన్న మా కంపెనీదే ఇంకో లాంచీలోకి వెళ్లాను. విచారణ తర్వాత అన్ని లాంచీల్లోనూ పెట్టిన బోర్డు, ‘మరవక తలుపు మూయండి’ అని, ఆ తలుపుకే అతికించి ఉంది. తలుపు మాత్రం తాడుతో తెరిచి కట్టేసి ఉంది. ఇదేమిటయ్యా అంటే ఇంజను మనిషి నవ్వాడు. “మూస్తే ఉడికిపోతాం సార్. అయినా మాకు మీ బావగారిలా మతిమరుపు లేదులెండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. తలుపు మూసినా వేడి బయటికి పోయేలా గాలి గొట్టం బిగించాల్సిన చోట బోర్డు పెట్టించింది నా అబద్ధమే. తిన్నగా ఆఫీసరమ్మ దగ్గరికెళ్లి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, దాంతో ఇంకా సిగ్గేసింది. బావ కూడా వచ్చి చెబితేనే రిపోర్టు మార్చగలమంది.

తనంతట తాను ఆయన చెప్పడు. నువ్వు అడిగితే వింటాడు. నాకోసం అబద్ధమాడిన మనిషిని, నామీద నిజం చెప్పమని అడగడానికి నాకు నోరు రావడం లేదక్కా.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
తమ్ముడు