ఎర్రది ఒత్తద్దు

ఆదివారం రాత్రి

ఈరోజు అత్తమ్మ ముందరే ఆయన చెయ్యి పట్టుకున్నా.

చర్చి నుంచి వచ్చినాక, కర్నూలులో పాత సామాన్ల అంగట్లో కొన్న టేపురికార్డరు బయటికి తీసినాడు. సీడీ, రేడియో, క్యాసెట్టు మూడూ దాంట్లోనే. మామ పాడిన కీర్తనల క్యాసెట్టు పెట్టి ఒత్తితే గరగరమని రేడియో మోగింది. పైనున్న స్విచ్చి టేపు వైపు నేనే జరిపినా. పోయిన మామ గొంతు ఇల్లంతా వినపడింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి "ఆపురా, నాతో కాదు" అనింది. ఆయన వేలు ఎర్ర బటను మీదికి పోయింది. గబుక్కున పట్టుకున్నా.

"అది ఒత్తద్దు!"

"ఎర్రదే గదా ఆపేది? మన బోరు స్టార్టరుకు అంతే గదా!"

"ఇది బోరు కాదు. అది ఒత్తితే మామ గొంతు చెరిగిపోయి మన మాటలు ఎక్కుతాయి. మా నాయన అట్లే మేనత్త పెండ్లి పాటలు పోగొట్టినాడు."

"అమ్మో, ఈ పిల్లకు నోరుండాదే!" అనింది అత్తమ్మ.

నేనే ఆపి, క్యాసెట్టు బయటికి తీసి, వెనక అంచునుండే చిన్న రెక్కలు రెండూ పిన్నీసుతో విరగ్గొట్టినా. ఆయన "మా నాయనదే, పగలగొడతావా?" అని అరిచినాడు. క్యాసెట్టు మళ్ళా లోపల పెట్టి, ఇంక ఎర్రది ఎవరు ఒత్తినా దిగదని ఒత్తి చూపించినా.

కొత్త కోడల్ని, తన ముందరే ఆయన చెయ్యి పట్టుకున్నందుకు అత్తమ్మ ఏమనుకుందో. పొద్దు గూకినాక మాత్రం "ఇంకోసారి పెట్టు" అని పిలిచింది. కొడుకును కాదు, నన్ను.