చిన్న కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

శుక్రవారం, రాత్రి

తమ్ముడు శ్రీను పెళ్లికార్డుల షాపు కోసం కొన్న అరచేతంత కంప్యూటర్‌కు మొన్న నేనే బొట్టు పెట్టాను. ధర తక్కువ, కరెంటు తక్కువ, చప్పుడే లేదు. ఆ సంతోషంలో పాత పెద్దదాన్ని కోదాడలో ఉన్న చెల్లెలి కూతురు స్వాతికి ఇచ్చేశాడు.

ఈరోజు కార్డు టైపు చేద్దామంటే తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోనే లేదు.

"అక్కా, దీంట్ల ఉన్నది ఫోన్లల్ల ఉండే రకం ప్రాసెసర్. మన సాఫ్ట్‌వేర్ పాతరకం దానికోసం రాసిండ్రు. సూసుకోకుండ కొన్న. ఇగ ఇచ్చినదాన్ని పిల్లను మళ్ల ఎట్ల అడుగుత?" అన్నాడు. మొహం వాడిపోయింది.

నేనే స్వాతికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను.

"ఆ చిన్నదే నాకు పంపమను పెద్దమ్మా. నేను నేర్చుకునే కోడింగ్‌కి అది చాలు. మామయ్య పాతది లారీలా మోత మోగుతోంది, అమ్మ ఒకటే తిట్లు" అని నవ్వింది.

రేపు కోదాడ బస్సెక్కి శ్రీనే మార్చుకొస్తాడు.

స్వాతికి అది నిజంగానే సరిపోతుందో, మామయ్య నొచ్చుకోకూడదని అన్నదో... అడగలేదు. బొట్టు మాత్రం తుడవొద్దని శ్రీనుకు చెప్పాను. పిల్ల దగ్గరికి అట్లాగే పోవాలి.